మట్టిగీతకు పైన

ఆఫీసు లెక్కలో ఆమె భర్త చనిపోయాడు. ఇంటి లెక్కలో బతికే ఉన్నాడు. ఈ రెండు లెక్కల మధ్య ఆమె ఏళ్ళ తరబడి ఎటూ కాకుండా ఉండిపోయింది.

ఆఫీసంటే వాగు ఒడ్డున ఉన్న పరిశోధన కేంద్రం. వాగులో దిగి రాళ్ళు తెచ్చే పని ఆయనది. ఒక వానాకాలం, వరద ఉరవడి మీదున్న రోజున, నీటిమట్టం చూసొస్తానని గట్టు మీదికి వెళ్ళి మళ్ళీ రాలేదు. దిగువన ఎక్కడో ఒక చెప్పు దొరికింది, మనిషి దొరకలేదు. వెతికి వెతికి విసిగి, ఇక లేనట్టేనని పైవాళ్ళు తేల్చేశారు. ఆయన పోయాడు కాబట్టి ఆయన ఉద్యోగం ఆమెకిచ్చారు, ఉంటున్న క్వార్టర్లోనే ఉండనిచ్చారు. చల్లని మనుషులు అనుకుంది ఆమె అప్పుడు, మనస్ఫూర్తిగానే.

అత్తగారు మాత్రం ససేమిరా ఒప్పుకోలేదు. "శవాన్ని చూసినవాళ్ళున్నారా? లేరు కదా. మరి నోళ్ళు మూసుకోండి" అని, ఓదార్చడానికి వచ్చినవాళ్ళను గుమ్మంలోంచే వెనక్కి పంపింది. అది మొదలు, కోడలు ఎటు కదలబోయినా ఒకటే పాట. పుట్టింటికి వెళ్ళొస్తానంటే, "ఈలోగా వాడొస్తే?" చెల్లెలు తన దగ్గరికొచ్చి ఉండమంటోందంటే, "వాడొచ్చేసరికి తలుపు తీసే మనిషి ఉండద్దటమ్మా?" ఆ చెల్లెలే ఒకసారి ఎవరిదో సంబంధం గురించి నసిగితే, అత్తగారు పస్తు పడుకుని మంచం దిగలేదు. చెల్లెలు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆఫీసులో ఆయన వస్తాడేమో అనకూడదు, ఇంట్లో ఆయన రాడేమో అనకూడదు. రెండు చోట్లా నోరు కుట్టుకుని బతకడం ఆమెకు అలవాటైపోయింది. అలవాటైందంటే కష్టం తగ్గిందని కాదు, ఎవరికీ చెప్పడం మానేసిందని.

ఇంకో సంగతి, ఆ ఇంటి గడియ. క్వార్టరంటే రెండు గదులు, ఓ వంటిల్లు. ఇంటి పక్కగా వాగులోకి దిగే మెట్లు. ముందు తలుపుకు బయటివైపు లావుపాటి ఇనుప గడియ. అత్తగారు ఎప్పుడు బయటికెళ్ళినా ఆ గడియ వేసి వెళ్తుంది, లోపల కోడలున్నా సరే.

"కుక్కలు దూరతాయమ్మా."

"నేను లోపలే ఉన్నాను కదా అత్తయ్యా, కుక్కను అదిలించలేనా?"

"చెయ్యి అలవాటైపోయింది, ఏం చెయ్యను?"

మొదట్లో ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. తర్వాత నవ్వు పోయింది, గడియ మిగిలింది.

వరద వచ్చిన ఏడాదే చలికాలంలో ఆమెకు జ్వరం తగులుకుంది. ఒక మధ్యాహ్నం మగతలో ఉండగా తలుపవతల ఆయన గొంతు వినిపించింది. లేచి, గోడ పట్టుకుని, తూలుకుంటూ వెళ్ళి తలుపు లాగితే రాలేదు. బాదింది, పిలిచింది, అక్కడే కూలబడింది. కాసేపటికి అత్తగారు తడి చేతులతో వచ్చి తలుపు తీసి, "మీటరు చూసేవాడమ్మా" అంది. ఆయన గొంతు విన్నానంటే నుదుటి మీద చెయ్యి పెట్టి, "జ్వరం మాటలు" అంది. ఆ తడి చెయ్యి చల్లగా హాయిగా ఉంది. ఆమె నమ్మింది.

ఇక ఆమె పని. ఆయనలా వాగులో దిగే పని ఆమెకివ్వలేదు. రంపం దగ్గర కూర్చోబెట్టారు. రాళ్ళు కోసీ కోసీ కేంద్రంలో అందరికీ రంపమ్మ అయిపోయింది. ఆ రాళ్ళు కొండ విరిగి పడిన రాళ్ళు కావు, నీళ్ళలో పెరిగిన రాళ్ళు. కొండ లోపలి సున్నాన్ని కరిగించుకుని ఊటగా పైకొచ్చే నీళ్ళవి. గిన్నెలో పోసి ఉంచితే గిన్నెకే తెల్లటి పెచ్చు కడుతుంది. అవి గట్టు మీదుగా పల్చగా జారే చోట పాకుడు పడుతుంది. పాకుడంటే తీసిపారెయ్యడానికి లేదు, కంటికి ఆనని జీవులు కోట్ల కొద్దీ చేరి పెట్టిన కాపురం అది. ఎండ తగిలితే అవి నీళ్ళలోని గాలిని పీలుస్తాయి, వాటి చుట్టూ సున్నం పేరుకుంటుంది. ఆ సున్నం కింద పడి చీకట్లో చావకుండా అవి పైకి పాకుతాయి. అక్కడా సున్నం పడుతుంది. మళ్ళీ పైకి పాకుతాయి. అలా రాయి పెరుగుతూ పోతుంది.

ఎండాకాలం పాకుడు జోరు మీద ఉంటుంది కాబట్టి పొర మందంగా, లేత రంగులో పడుతుంది. చలికాలం ఎండా తక్కువే, పాకుడూ బద్ధకిస్తుంది. పొర సన్నగా, ముదురు రంగులో పడుతుంది. పెద్ద వరదొస్తే గోధుమరంగు మట్టి ఒక గీతలా అంటుకుని ఉండిపోతుంది. అన్ని వాగులూ ఇలాగే చెయ్యవు, ఒక్కో వాగుకు ఒక్కో అలవాటు, ఈ వాగు అలవాటు ఇది అంటారు మేడమ్. మేడమ్ అంటే ఆ కేంద్రానికి పెద్ద. జుట్టు సగం నెరిసిన మనిషి, కోపమొస్తే కళ్ళజోడు తీసి బల్ల మీద పెడతారు, అంతకు మించి ఎవరినీ ఏమీ అనరు.

ఆమె పనిలో చేరిన కొత్తలో మేడమ్ నేర్పిన మొదటి మాట ఒకటుంది. "కింద ఉన్నది ముందు జరిగింది. పైన ఉన్నది తర్వాత జరిగింది. గుర్తు పెట్టుకోవడానికి కష్టపడక్కర్లేదు. కథ చెప్పేటప్పుడు ఆపైన, ఆపైన అంటాం చూడు, రాయి కూడా అదే అంటుంది." అది ఇద్దరికీ ఊతపదమైపోయింది. మైక్రోస్కోపు ముందు కూర్చుని మేడమ్ "ఆపైన?" అంటారు, ఆమె పక్కన నిలబడి పొరలు చెబుతుంది. ఆ గదిలో ఉన్నంతసేపూ ఆమెకు ఊపిరాడేది. ఇంటికొచ్చాక అత్తగారికి ఆ కబుర్లే చెప్పేది. వేరే కబుర్లు చెప్పుకునే వీలు లేని ఇల్లు కదా. అత్తగారు కూరలు తరుగుతూ అన్నీ వినేది, "ఈ మధ్య మట్టిగీతలేవీ దొరకలేదా?" అని తనే అడిగేది కూడా.

మొన్న ఎండలు ముదురుతున్న రోజుల్లో, గట్టు మీంచి తెచ్చిన ఒక ముద్దను కోస్తుంటే రంపం చప్పుడు మారింది. సున్నాన్ని కోసే చప్పుడు మెత్తగా ఉంటుంది. ఇది కీచుమంది. ఆమె రంపం ఆపి చూస్తే ముద్ద రెండుగా విడిపోయి ఉంది. ఒక సగం నలిగి పిండి పిండి అయింది. రెండో సగాన్ని నీళ్ళతో కడిగితే, పొరల మధ్య పసుప్పచ్చగా ఇత్తడి మెరిసింది.

తాళంచెవి. దాని చిల్లులో పచ్చగా చిలుమెక్కిన రాగి తీగ మెలి.

ఇంటికి రెండు తాళంచెవులుండేవి. ఒకటి ఇప్పటికీ ఆమె సంచీలోనే ఉంది. రెండోది ఆయనది. పొద్దున్నే తొందరలో ఒకరిది ఒకరు పట్టుకుపోయి రోజూ గొడవ పడుతుంటే, ఆయనే తన దానికి రాగి తీగ మెలిపెట్టాడు. "ఇక నీది నీకు, నాది నాకు" అని నవ్వాడు. వరద రోజున అది ఆయన జేబులోనే ఉంది.

రంపం చప్పుడు ఆగిపోయిందేమిటా అని మేడమ్ వచ్చి చూశారు. "రాయిలో తాళంచెవా! ఎవరిదో ఏమో..."

"మాదే మేడమ్. ఆయనది."

మేడమ్ కళ్ళజోడు తీసేశారు. స్టూలు లాగి ఆమెను కూర్చోబెట్టి, చాలాసేపు భుజం మీద చెయ్యి తియ్యలేదు. "ఆ రోజు జేబులోంచి జారి ఉంటుంది. మట్టిగీతలోనే ఉంటుంది చూడు. ముక్కను అరగదీసి పల్చటి పలక తీస్తే తేలిపోతుంది. నీకూ ఒక సమాధానం దొరుకుతుంది. రేపు నువ్వే తియ్యి, వద్దనిపిస్తే నేను తీస్తాను" అన్నారు.

"నేనే తీస్తాను మేడమ్" అంది ఆమె. కానీ తడి రాయి మీద ఆమె కన్ను అప్పటికే చూడాల్సింది చూసేసింది. మట్టిగీత కనిపిస్తూనే ఉంది. తాళంచెవి అందులో లేదు. దానికి కాస్త పైన ఉంది. తడిలో రంగులు మోసం చేస్తాయని సర్దిచెప్పుకుంది. ఎగువన ఎక్కడో చిక్కుకుని తర్వాత దొర్లి వచ్చిందేమో అనుకుంది. ఇల్లు చేరేదాకా అలా ఏదో ఒకటి అనుకుంటూనే నడిచింది.

అత్తగారు వంటింటి గుమ్మంలో కత్తిపీట ముందు కూర్చుని ఉంది. వెలుగు ఇంకా పోలేదు. ఆమెకు ఒక్కసారిగా అంతా విసుగొచ్చింది. ఆ గుమ్మం, ఆ కత్తిపీట, రాని మనిషి కోసం తెరిచి ఉంచాల్సిన ఆ తలుపు. ఈ రోజుతో ఏదో ఒకటి ముగించెయ్యాలనిపించింది. అందుకని తను చూసింది కాకుండా, మేడమ్ అన్నది చెప్పింది.

"ఆయన తాళంచెవి దొరికింది అత్తయ్యా. రాయిలో. వరద మట్టిలోనే ఉంది. ఆ రోజే పోయారు. ఇక రారు."

అత్తగారి చెయ్యి ఆగింది.

"అబద్ధం."

"రాయి అబద్ధమెందుకు చెబుతుంది?"

"మట్టిలో ఎందుకుంటుంది? మట్టికి పైన కదా ఉండాలి!" అని అరిచింది అత్తగారు. "నా కొడుకు చావలేదు! మళ్ళీ చూడు, మట్టికి పైనే ఉంటుంది!"

కొడుకు చచ్చాడన్న మాట తట్టుకోలేక ఆ తల్లి, అన్నేళ్ళు కడుపులో దాచుకున్నదాన్ని తన నోటితోనే బయటపెట్టేసుకుంది.

"పైన ఉంటుందని మీకెలా తెలుసు అత్తయ్యా?"

అత్తగారు కత్తిపీట పక్కకు జరిపింది. ముక్కలన్నీ గిన్నెలోకి ఎత్తింది. ఇక చెయ్యడానికి వేరే పనేమీ మిగల్లేదు.

"నేనే వేశాను. గట్టు మీద వరద మట్టి పట్టి ఉంది అప్పటికి, దాని మీద పాకుడు మళ్ళీ లేస్తోంది. నీళ్ళు పట్టుకుపోతాయనుకున్నా. ఈ పాడు నీళ్ళు దేన్నీ పోనివ్వవని నాకేం తెలుసు?"

"మీ చేతికెలా వచ్చింది?"

"వాడే ఇచ్చాడు. నీకు జ్వరం వచ్చినప్పుడు."

ఆమె గోడకు ఆనుకుంది. తర్వాతి మాటలు ఆమె అడిగిందో లేదో ఆమెకే తెలియదు, అత్తగారే చెప్పుకుపోయింది. నీళ్ళు ఎక్కడో దూరాన ఒడ్డుకు తోసేశాయట. కాలు విరిగి, ఎవరి పంచనో పడి ఉన్నాడట. లేచి తిరిగే వేళకు భార్యకు ఉద్యోగమిచ్చిన సంగతి చెవిన పడిందట. తను కనబడితే ఆ ఉద్యోగం ఊడుతుంది. అందుకని మనుషుల అలికిడి లేని మధ్యాహ్నం వేళ చూసి వచ్చాడు.

"ఎందుకొచ్చారు?"

"నిన్ను తీసుకెళ్తానన్నాడు. ఎక్కడికైనా పోయి ఇద్దరం బతుకుతామన్నాడు. ఇద్దరం అన్నాడమ్మా, ముగ్గురం అనలేదు. మరి నేనో అంటే, నిన్ను తర్వాత తీసుకెళ్తాలే అమ్మా అన్నాడు. వాళ్ళ నాన్న కూడా తర్వాత తీసుకెళ్తాననే పోయాడు. ఆ తర్వాత ఎలా ఉంటుందో నాకు తెలుసు."

"మీరేమన్నారు?"

"నువ్వు ఇంట్లో లేవన్నాను. మళ్ళీ పెళ్ళి మాటలు నడుస్తున్నాయన్నాను. వాణ్ణి తలుచుకోవడమే మానేశావన్నాను. ఇక ఇదెందుకని తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు."

"నేను లోపలే ఉన్నాను."

"ఉన్నావు."

"తలుపు బాదాను అత్తయ్యా. గొంతు పోయేలా పిలిచాను."

"వాడు వెళ్ళాక పిలిచావు. అప్పటికే మలుపు తిరిగిపోయాడు."

ఆమెకు ఒళ్ళు భగ్గుమంది. ఆ మనిషిని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది, కొట్టాలనిపించింది. ఏ చెయ్యి గడియ వేసిందో అదే చెయ్యి నుదుటి మీద పెడితే హాయిగా ఉందని కళ్ళు మూసుకుంది తను.

"ఇప్పుడెక్కడున్నారు?"

"తెలీదు. తెలిస్తే ఎప్పుడో ఒకప్పుడు నీకు చెప్పేస్తానని అడగలేదు." అత్తగారు చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది. "మళ్ళీ వస్తాడనుకున్నా. వస్తే ఈసారి గడియ తీద్దామనుకున్నా. ఒట్టు. రోజూ అదే అనుకున్నా."

ఆమె భుజాన ఉన్న సంచీ దించి గోడ మేకుకు తగిలించింది.

"ఆఫీసులో చెప్పేస్తావా?" అని మళ్ళీ అత్తగారే అడిగింది, చిన్న గొంతుతో. "చెప్తే ఉద్యోగం పోతుంది. ఈ ఇల్లూ పోతుంది. మనిద్దరం ఎక్కడికి పోతామమ్మా?"

మనిద్దరం. అన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎన్నడూ వినని మాట అది. వినాల్సిన రోజు మాత్రం అది కాదు.

తెల్లారి ఆమె పనికి బయల్దేరింది. అత్తగారు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. తలుపు దగ్గరికేసి, సంచీ భుజాన తగిలించుకుని నాలుగడుగులు వేశాక, చెవిలో ఏదో చప్పుడు మిగిలి ఉన్నట్టనిపించి వెనక్కి చూసింది. గడియ వేసి ఉంది. వేసింది తనే. చెయ్యి దానంతటదే వేసేసింది. ఆమె అక్కడే నిలబడి ఆ గడియను చూసింది. ఉండనీ, ఒక్క రోజు ఉండనీ అనిపించిన మాట నిజం. తర్వాత తిరిగొచ్చి గడియ తీసింది. తీశాక కూడా దాని మీంచి చెయ్యి తియ్యడానికి ఆమెకు కాసేపు పట్టింది.

రాతిముక్కను గాజుపలకకు అంటించి, గరుకు పొడి మీద గుండ్రంగా తిప్పుతూ అరగదీస్తారు. వెలుగు దూరేంత పల్చనయ్యేదాకా తిప్పాలి. ఆపాల్సిన చోట ఆపకపోతే రాయి మొత్తం పొడిలో కలిసిపోయి గాజు మాత్రం మిగులుతుంది. ఎంత చెయ్యి తిరిగినవాళ్ళకైనా అప్పుడప్పుడూ జరిగేదే. మేడమ్ "పోన్లే" అంటారు, అంతే. ఆమె తిప్పుతోంది. పొరలు ఒక్కొక్కటే తేటపడుతున్నాయి. ముద్దలో ఇంకో సగం నిన్ననే పిండి అయిపోయింది. ఇంకొంచెం తిప్పితే మట్టిగీతా ఉండదు, చలికాలమూ ఉండదు, తాళంచెవీ ఉండదు. ఉద్యోగం ఉంటుంది. ఇల్లుంటుంది. సాయంత్రం కత్తిపీట ముందు అత్తగారుంటుంది. ఏ కాలానికి ఆ కాలం పొర పడుతూనే ఉంటుంది, ఆమె మీద. పాకుడుకైనా పైకి పాకే తెలివుంది, తనకు లేకపోయింది అనుకుంది. అనుకుని చెయ్యి ఆపింది.

పలకను కడిగి, తుడిచి, మేడమ్ ముందు పెట్టింది. మేడమ్ మైక్రోస్కోపులోకి వంగారు.

"ఇది ఎండాకాలం. బాగుంది. ఇదిగో వరద మట్టి, ఎంత స్పష్టంగా ఉందో చూడు. ఆపైన?" అలవాటుగా అడిగేశారు. అడిగాక ఆమె భర్త సంగతి గుర్తొచ్చి గతుక్కుమన్నారు.

"ఆపైన చలికాలపు పొర మేడమ్. సన్నగా, ముదురు రంగులో ఉంది. తాళంచెవి దాని మీద ఉంది."

మేడమ్ తలెత్తలేదు. చూస్తూనే ఉండిపోయారు. ఆమె కన్నా మేడమ్‌కు ఆ వాగు గురించి ఎక్కువే తెలుసు. తలెత్తినప్పుడు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎగువన ఎక్కడో ఆగిపోయి, నీళ్ళు తగ్గాక దొర్లి వచ్చి ఉండొచ్చు. అలా కూడా జరుగుతుంది" అని ఒక్కో మాటా ఆచితూచి అన్నారు. "కావాలంటే అలా రాసుకుందాం. తప్పేం కాదు."

తలుపు ఒకటి దగ్గరికి వేస్తున్నారని ఆమెకు తెలిసింది. ఎంతో దయతో వేస్తున్నారు, ఆమె లోపల చల్లగా ఉండాలని.

"దొర్లి రాలేదు మేడమ్. మా అత్తయ్య వేశారు. ఆయన ఆవిడ చేతికిచ్చి వెళ్తే వేశారు. వరదలో ఆయన పోలేదు."

గదిలో కుళాయి కింద గిన్నె నిండి పొర్లుతోంది. మేడమ్ లేచి కుళాయి కట్టేసి వచ్చారు.

"ఈ మాట నా చెవిన పడ్డాక నేను పైకి రాయక తప్పదు. తెలుసా నీకు?"

"తెలుసు మేడమ్."

"ఉద్యోగం, ఇల్లు అన్నీ పోతాయి. ఆపైన ఏం చేస్తావు రంపమ్మా?"

ఆయన ఏ ఊళ్ళో ఉన్నాడో, ఉన్నాడో లేదో, ఉన్నా తన కోసం ఉన్నాడో లేదో తెలియదు. అత్తగారిని ఎక్కడ ఉంచాలో, అసలు ఉంచాలో వద్దో తెలియదు.

"ముందు కింద పొర సరిగ్గా రాయండి మేడమ్" అంది. "ఆపైన సంగతి నేను చూసుకుంటాను."